పానకాలయ్య ఎర్రజింక

అనగనగా ఒక రాజ్యం. ఏనుగులు ముసలివైపోయి, వాటి సాలల్లోకి కార్లు వచ్చి చేరిన కాలం నాటి రాజ్యం. దాని పేరు పులిగట్టు. ఊరు కింద ఉండేది, కోట కొండ మీద ఉండేది. కిందినుంచి పైకి పన్నెండు మలుపుల దారి.

ఆ ఊళ్లో పానకాలయ్య అనే పెద్దమనిషి ఉండేవాడు. ఒకప్పుడు పెద్దరాజుగారి కారు నడిపినవాడు. అతని దగ్గర ఒక కారుండేది. ఎర్రటిది, పొట్టిది, ఇద్దరికే చోటున్నది, పైకప్పు మడిచి వెనక్కి పెట్టుకునేది. పరుగు పందేల కోసమే సీమలో చేసి ఓడలో పంపిన కారు. పెద్దరాజుగారు దానికి జింక అని పేరు పెట్టారు. పానకాలయ్య ఆ జింక మీద వరసగా మూడు దసరాలు కొండ పందెం గెలిస్తే, ఇక ఇది నీదేనయ్యా అని తాళం చెవి అతని చేతిలో పెట్టారు.

పులిగట్టులో దసరాకి ఒక ఆచారం ఉంది. ఊళ్లోని ప్రతి బండికీ పసుపు రాసి, బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. బండి కదిలి కాయలు చితికాయంటే ఇక ఆగకూడదు. ఆ ఊపులోనే కొండెక్కాలి. అందరికంటే ముందు కోట చేరిన బండికి రాజుగారే స్వయంగా జమ్మికొమ్మ కడతారు.

ఐదేళ్ల కిందట ఆ పందెంలోనే చిన్న ప్రమాదం జరిగింది. ముసురు పట్టిన రోజు. ఏడో మలుపు దగ్గర జింక జారి, కొండగట్టును రాసుకుని ఆగింది. మనిషికి దెబ్బ తగల్లేదు. ముందు మడ్గార్డు మీద జానెడు గీత మాత్రం పడింది. అందరూ పరుగెత్తుకొచ్చి ఏమైందని అడిగితే, ముసలిదైపోయింది పాపం, బ్రేకులు పట్టలేదని చెప్పి, పానకాలయ్య కారును ఇంటికి తోలుకొచ్చి పెట్టాడు. మళ్లీ బయటికి తీయలేదు.

అలాగని నిర్లక్ష్యం చేశాడా అంటే, అబ్బే. రోజూ పొద్దున్నే మెత్తని పాత పంచె గుడ్డతో తుడిచేవాడు. దీపాలు మెరిసేదాకా రుద్దేవాడు. దుమ్ము పడకుండా దుప్పటి కప్పేవాడు. కట్టుకున్న భార్య రత్తమ్మకి జ్వరమొస్తే కూడా అంత శ్రద్ధగా దుప్పటి కప్పి ఉండడు. దసరా వస్తే జింకకూ పసుపు రాసి, నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టేవాడు. తరువాత వెనక్కి వెళ్లి, భుజం ఆనించి, జానెడు దూరం తోసేవాడు. కాయలు చితికేవి. ఆచారం తీరిపోయిందని చేతులు దులుపుకునేవాడు. ఇరుగుపొరుగు కొంగులూ కండువాలూ నోటికి అడ్డం పెట్టుకునేవారు.

రత్తమ్మ ఐదేళ్లు చూసింది. ఈసారి దసరా ఇంకో నెల ఉందనగా, భోజనం వడ్డిస్తూ అంది. "ఏమండీ, నడిపితే నడపండి. లేదా నడిపేవాళ్లకి అమ్మేయండి. ఆ దుప్పటి కింద దాన్ని చూస్తుంటే నాకు కడుపు తరుక్కుపోతోంది. ఈ దసరాకి ఏదో ఒకటి తేల్చండి."

పానకాలయ్యకి అమ్మడమంటే ప్రాణం పోయినట్టే. నడపడమంటే, ఎందుకో, ఆ మాట వినగానే కాళ్లు చల్లబడేవి. చివరికి, తగినవాడు వస్తే ఇస్తానని ఊళ్లో చాటించాడు.

మొదట కనకలింగం శెట్టి వచ్చాడు. పట్టుబట్టల వర్తకుడు, మాట నెమ్మది. జింకను తన దుకాణం మధ్యలో అరుగు కట్టి, అద్దాలు బిగించి, దీపాల నడుమ పెడతానన్నాడు. దాన్ని చూడటానికి వచ్చినవాళ్లు చీర కొనకుండా పోతారా అని నవ్వాడు.

పానకాలయ్యకి ఒళ్లు మండింది. "పరుగెత్తే జింకను కట్టేసి చూపిస్తారా శెట్టిగారూ? దానికంటే చంపి చర్మం గోడకి తగిలించుకోవడం నయం," అని పంపించేశాడు.

రెండో వారం రాజుగారి బావమరిది చినదొర వచ్చాడు. మీసం ఎంత పెద్దదో ఓపిక అంత చిన్నది. జింకకి కొత్త ఇంజను వేయిస్తానన్నాడు, బంగారు రంగు కొట్టిస్తానన్నాడు, పాట పాడే హారను పెట్టిస్తానన్నాడు. పాతది పేరొక్కటే ఉంచుతాడట. తల మార్చి, ఒళ్లు మార్చి, పేరు మిగిల్చితే అది జింక ఎలా అవుతుంది దొరా అని పానకాలయ్య అతన్నీ సాగనంపాడు. ఇలాంటివాళ్ల చేతిలో పెట్టకుండా కాపాడుకున్నానని తన భుజం తానే తట్టుకున్నాడు.

మూడో వారం అలివేలు వచ్చింది. కొండ పల్లెలకి బస్సు నడిపే పిల్ల. ఆమె దగ్గర పెద్ద మాటలూ లేవు, పెద్ద ధనమూ లేదు. దుప్పటి తీయమని అడిగి, జింక చుట్టూ తిరిగింది. రంగు వైపు చూడలేదు. వంగి చక్రాలు తడిమింది. కూర్చుని కూర్చుని టైర్లు నేల తగిలిన చోట అణిగిపోయి ఉన్నాయి.

"తాతగారూ, ఇది ఆఖరుసారి కొండెక్కి ఎన్నాళ్లయింది?" అని అడిగింది.

"పోయిన నెలలో ఎక్కించాను," అన్నాడు పానకాలయ్య.

అలివేలు టైర్లవైపు చూసింది, అతనివైపు చూసింది. కాదనలేదు. ఎప్పుడైనా మళ్లీ ఎక్కించాలనిపిస్తే కబురు పెట్టండి, వచ్చి చూస్తానని చెప్పి వెళ్లిపోయింది. బస్సు తోలే చెయ్యి మోటుగా ఉంటుంది, దానికి జింకను ఎలా ఇస్తామని పానకాలయ్య భార్యతో అన్నాడు. రత్తమ్మ పప్పు గిన్నె కాస్త గట్టిగా కింద పెట్టింది.

ఆ మధ్యాహ్నం పానకాలయ్య గుడ్డ పట్టుకుని జింకను తుడుస్తున్నాడు. అప్పుడు సీటు చిరుగులోంచి ఒక ముసలి ఎలుక బయటికి వచ్చింది. స్టీరింగు మీదికెక్కి, ముందుకాళ్లు రెండూ జోడించి నమస్కారం పెట్టింది.

"అయ్యగారూ, మా వంశం తరపున కృతజ్ఞతలు చెప్పుకోవాలని వచ్చాను. ముగ్గురు కొనడానికి వచ్చారు. మా ప్రాణాలు మూడుసార్లు పైకి పోయి కిందికి వచ్చాయి. మూడుసార్లూ మీరు కాదన్నారు. మీలాంటి యజమాని ఎవరికి దొరుకుతాడు?"

పానకాలయ్య తెల్లబోయి, మీరు ఇక్కడ ఎప్పటినుంచి ఉన్నారని అడిగాడు.

"ఏడు తరాలనుంచి," అంది ఎలుక గర్వంగా. "సీటులోని దూది మాకు పరుపు, తీగల మీది తొడుగు పిల్లలకి చిరుతిండి. ఈ బండికి ఇంజను ఉందనీ, అది పులిలా అరుస్తుందనీ మా తాతమ్మలు చెప్పేవారు. మేం కట్టుకథ అని కొట్టిపారేశాం. మీరు మాత్రం శెట్టిగారికంటే వంద రెట్లు నయం. ఆయన అద్దాల మేడలో మమ్మల్ని ఎవరైనా చూసి ఉండేవారు. మీ దుప్పటి కింద ఎవరూ చూడరు."

ఆ పొగడ్త పానకాలయ్యకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. చేతిలో గుడ్డ జారిపోయింది. కట్టేసి చూపిస్తారా అని శెట్టిని తిట్టిన నోరు తనదే. శెట్టి నలుగురికీ చూపించైనా ఉండేవాడు. తను అదీ చేయలేదు. ఇన్నాళ్లూ ముసలిదైపోయిందని జింక మీద చెప్పిన మాట గుర్తొచ్చి సిగ్గుతో తల వంచుకున్నాడు.

వెంటనే కండువా వేసుకుని బస్సులు ఆగే చోటికి నడిచాడు. రత్తమ్మ, ఈయన ఎక్కడికి పోతున్నాడోనని వెంట బయలుదేరింది. అలివేలు బస్సు తుడుస్తోంది. పానకాలయ్య ఆమె ముందు నిలబడి అన్నాడు.

"అమ్మాయీ, నీకు అబద్ధం చెప్పాను. జింక కొండెక్కి ఐదేళ్లయింది. ఊరందరికీ ఇంకో అబద్ధం చెప్పాను. ఆ రోజు బ్రేకులు బాగానే ఉన్నాయి. ఏడో మలుపులో మొదటిసారి లోయవైపు చూశాను. గుండె జారింది, కాలు బ్రేకు మీద పడింది. తడినేల మీద అలా తొక్కితే ఏ బండైనా జారుతుంది. ఆడలేక మద్దెల ఓడన్నాను. భయం నాది, పేరు దానికి పెట్టాను."

ఆ మాట అనేసరికి అతనికి ఐదేళ్ల బరువు ఒక్కసారిగా దిగినట్టయింది. వెనక రత్తమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అలివేలు ఏమీ ఓదార్చలేదు. చేతులు తుడుచుకుని, దసరా ఇంకా మూడు రోజులుంది కదా తాతగారూ, పదండి అంది.

మొదటి రోజు ఎలుకలకి మర్యాదగా వేరే ఇల్లు చూపించారు. శెట్టిగారి గిడ్డంగి వెనక పాడుబడిన కొట్టు దొరికింది. రెండో రోజు కొరికిన తీగలు మార్చారు, పాచిపోయిన పెట్రోలు పారబోశారు, కొత్త టైర్లు బిగించారు. మూడో రోజు పానకాలయ్య హ్యాండిలు పట్టుకుని ఇంజను తిప్పాడు. మొదటిసారి తిప్పితే జింక దగ్గింది. రెండోసారి తుమ్మింది. మూడోసారి వీధి వీధంతా ఉలిక్కిపడేలా గర్జించింది. పాడుబడిన కొట్టులో ముసలి ఎలుక పిల్లల్ని దగ్గరికి లాక్కుని, తాతమ్మలు నిజమే చెప్పారర్రా అంది.

దసరా నాడు బండ్లన్నీ కొండ కింద బారులు తీరాయి. చినదొర కొత్త కారు, శెట్టిగారి పెద్ద కారు, అలివేలు బస్సు, ఇంకా ఎన్నో. చివర జింక వచ్చి నిలబడింది. మడ్గార్డు మీది గీత అలాగే ఉంది. దాన్ని మాపొద్దని పానకాలయ్యే చెప్పాడు. పక్క సీటులో కూర్చోమని అలివేలును పిలిస్తే, ఆ సీటు అమ్మమ్మగారిది, నాకు నా బస్సుంది అంది. రత్తమ్మ పట్టుచీర కట్టుకుని, మరి పిలవాలా అన్నట్టు అప్పటికే ఎక్కి కూర్చుంది.

నిమ్మకాయలు చితికాయి. ఈసారి వెనక ఎవరూ తోయలేదు.

మూడో మలుపులో శెట్టిగారి కారు వెనకబడింది. అందులో పదిమంది చుట్టాలూ, రెండు బుట్టల లడ్డూలూ ఉన్నాయి. ఐదో మలుపులో చినదొర కారు పొగలు కక్కుతూ నిలిచిపోయింది. హారను మాత్రం పాడుతూనే ఉంది. జింక ఒక్కొక్క బండినే దాటుకుంటూ ఏడో మలుపు దగ్గరికి వచ్చింది.

అక్కడ ఊటనీరు ఎప్పటిలాగే దారి మీద పారుతోంది. పానకాలయ్య కాళ్లు చల్లబడ్డాయి. కుడికాలు దానంతట అదే బ్రేకువైపు జరిగింది.

"నేను కళ్లు మూసుకుంటున్నా," అంది రత్తమ్మ. "మీరు మూసుకోకండి."

పానకాలయ్యకి ఆ భయంలోనూ నవ్వొచ్చింది. నవ్వగానే కాలు వెనక్కి వచ్చింది. లోయవైపు చూడలేదు, దారివైపు చూశాడు. గేరు తగ్గించి, బ్రేకు ముట్టకుండా, గట్టు పక్కగా తిప్పాడు. జింక ఒక్కసారి ఊగి, నేలను గట్టిగా పట్టుకుని, మలుపు దాటి పైకి దూకింది. మిగిలిన ఐదు మలుపులూ అతనికి గుర్తే లేవు. ఒళ్లంతా గాలి, చెవుల నిండా ఇంజను పాట. కళ్లు తెరిచిన రత్తమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొడుతోంది.

కోట వాకిట్లో మొదట ఆగింది జింకే. నగారాలు మోగాయి. రాజుగారు దిగివచ్చి, తన చేత్తో జమ్మికొమ్మ కట్టి, మా నాన్నగారు ఉంటే ఎంత మురిసిపోయేవారో అన్నారు. పానకాలయ్య అందరి ఎదుటా చేతులు కట్టుకుని, ఐదేళ్ల కిందటి తప్పు జింకది కాదు, తనదేనని చెప్పాడు. నవ్వుతారనుకున్నాడు. జనం ఇంకా గట్టిగా జేజేలు పలికారు.

కాసేపటికి అలివేలు బస్సు వచ్చి ఆగింది. శెట్టిగారు ఆయాసపడుతూ చేరాడు. చినదొర నడిచి చేరాడు. ఇద్దరూ పోటీపడి, ఎంతంటే అంత ఇస్తాం, జింకను మాకే అమ్మమన్నారు.

పానకాలయ్య జింక మడ్గార్డు మీది గీతను ప్రేమగా నిమిరాడు. "ఇన్నాళ్లూ ఇది నా దగ్గర లేదు బాబూ, ఎలుకల దగ్గర ఉంది. ఇవాళే నా చేతికొచ్చింది. వచ్చిన రోజే ఎలా అమ్ముకోను?"

అని, రెండో తాళం చెవి తీసి అలివేలు చేతిలో పెట్టాడు. తన కాళ్లలో సత్తువ ఉన్నన్నాళ్లూ తను నడుపుతాడు, లేనినాడు ఆమె నడపాలి, ఒక్క వారం కూడా దుప్పటి కప్పకూడదు. అదే షరతు. అలివేలు ఆ తాళం చెవి కళ్లకద్దుకుంది. ఆ తరువాత పులిగట్టు కొండ మీద ఎర్రజింక పరుగెత్తని వారం లేదు, దాన్ని చూసి చెయ్యి ఊపని పిల్లలు లేరు.

కాబట్టి పిల్లలూ, భయపడి దాచుకున్నది ఎలుకల పాలవుతుంది, ధైర్యంగా వాడుకున్నదే మన సొంతమవుతుంది.