ఎవరి కంటా పడని ఆనపకాయ

వరహాలు ఇంట్లో తెలివికి లోటు లేదు. ఆ మాట ఊరు ఒప్పుకోదు గానీ, ఇంట్లో ముగ్గురూ ఎప్పుడో ఒప్పుకున్నారు. వరహాలు తెలివైనవాడు, తమ్ముడు పైడిరాజు అంతకన్నా తెలివైనవాడు, వరహాలు పెళ్ళాం గౌరమ్మ ఆ ఇద్దరికీ సలహాలు చెప్పేది. "మన ముగ్గురిలో నాకే కాస్త బుర్రుంది. అదే నా భయం," అని తనమీద తనే నవ్వుకునేది కూడా.

గౌరమ్మకి పెరడంటే ప్రాణం. ఆ పెరడేమో అత్తగారు అచ్చియ్యమ్మది. కూతురింట్లో ఉండే ఆవిడ ఓ రోజు వచ్చి, పెరట్లో ఆనప విత్తనం పాతింది.

"ఒలే గౌరీ, పొద్దున్నా సాయంత్రం నీళ్ళు పొయ్యండి, ఒక్క పూటా మానకండి. మేకలు రాకండా చుట్టూ కంప కట్టండి. కాయ పడ్డాక ఎవరి కంటా పడనీకండి, దిష్టి తగుల్తాది. కార్తీకంలో వస్తాను. ఆ కాయతో పులుసెట్టారా, పెరడు మీది. నేదా, నీ ఆడబడుచుకిచ్చేస్తాను. గేదెల్ని కట్టుకుంటాది."

గేదెలనగానే గౌరమ్మ బిందె అందుకుంది.

మొక్క మొలిచిన వారానికే జోరున వాన పట్టుకుంది. "ఈ పూట నీళ్ళెలా పోత్తాం వదినా?" అన్నాడు పైడిరాజు.

"వాన పోస్తే వాన పోసినట్టు. అత్త పొయ్యమన్నది మనల్ని," అంది గౌరమ్మ.

ఇంకేముంది, వాన నీళ్ళు కలవకుండా వరహాలు మొక్కకి గొడుగు పట్టాడు. పైడిరాజు తడిసి ముద్దవుతూ బిందెతో పోశాడు. ముగ్గురికీ జలుబు చేసింది. మొక్కకి మాత్రం చెయ్యలేదని తెగ సంతోషించారు.

తరవాత కంప. ముగ్గురూ లోపల నిలబడి, చీమ దూరే సందు లేకుండా చుట్టూ తుమ్మకంప కట్టేశారు. అంతే, మేకలకి దారి లేదు. వీళ్ళకీ లేదు.

"ఏం కట్టేమే! మనమే ఎల్లనేకపోతన్నాం!" అని వరహాలు మురిసిపోయాడు. మధ్యాహ్నం దాకా మురిశాక ఆకలేసింది. పంచెలూ చీరా చింపుకుంటూ కంపలో కన్నం చేసుకుని బయటపడ్డారు. ఆ కన్నంలోంచి మేకలు దూరకుండా, ఆనాటినుంచి పైడిరాజుని దానికి అడ్డంగా పడుకోబెట్టారు.

పిందె పడిందని ఓ రోజు పక్కింటావిడ కేకేసి చెప్పింది. అంతే, ముగ్గురూ కళ్ళకి గంతలు కట్టుకున్నారు.

"కాయకే గుడ్డ కప్పేస్తే?" అన్నాడు పైడిరాజు.

"కప్పేటప్పుడు కనబడదేటి?" అంది గౌరమ్మ. ఆ తెలివికి అన్నదమ్ములిద్దరూ నోరెళ్ళబెట్టారు.

మొదటి రోజు పైడిరాజు బిందెడు నీళ్ళూ అన్న నెత్తిన పోశాడు. మర్నాడు వరహాలు పొయ్యిలో పోశాడు, ఆ పూట పస్తు. ఇలా కాదని గౌరమ్మ ఆనపపాదు పందిరి గుంజకి తాడు కట్టి, దాన్ని పట్టుకుని వెళ్ళింది. తీరా చూస్తే, అంటే చూడలేదు కదా, ఆవిడ తాడు కట్టింది పక్కింటి దూడ కాలికి. దూడ వెంట ఊరంతా తిరిగి సంతలో నీళ్ళు పోసొచ్చింది. పక్కింటి నూతి కాలవ పుణ్యమా అని పాదు బతికింది.

కార్తీకం వచ్చింది. అత్తగారూ వచ్చింది. నేరుగా పెరట్లోకి వెళ్ళి బుగ్గలు నొక్కుకుంది.

"ఓలమ్మో, ఎంత కాయే! బిందంతుంది! నా జన్మలో ఇంత కాయ చూణ్ణేదు. పెరడు మీదేలే. కోసుకురండి, పులుసెడదాం," అని కత్తిపీట ముందు కూచుంది.

గౌరమ్మకి కళ్ళ వెంట నీళ్ళొచ్చి గంత తడిసింది. మరుక్షణమే నెత్తి బాదుకుంది.

"అయ్యో, అత్త చూసేసింది! కాయకి దిష్టి తగిలేసింది!"

"గుమ్మడికాయతో దిష్టి తీసెయ్యి," అన్నాడు వరహాలు.

"ఇంట్లో నేదే!"

"పాదుకుంది కదేటి ఒకటి!"

ఇంకేముంది, ఆనపకాయ తడిమి కోశారు. దానిమీద కర్పూరం వెలిగించి, పాదు చుట్టూ మూడుసార్లు తిప్పి, వీధి మొగలో గింజ కూడా దక్కకుండా పగలగొట్టారు. వెనక్కి తిరిగి చూడకుండా వచ్చి కాళ్ళు కడుక్కున్నారు.

"కాయేదే?" అంది అత్తగారు.

"భయం నేదత్తా! దిష్టంతా పోయింది. ఇంక కాయకేటీ అవ్వదు. ఇదిగో, కోసుకొత్తాను," అని గౌరమ్మ గంత బిగించుకుని మళ్ళీ పెరట్లోకి వెళ్ళింది.

అత్తగారు లేచి, కూతురికి కబురు పంపింది. గౌరమ్మ పొద్దు వాలేదాకా పందిరంతా తడుముతూనే ఉంది. చివరికి, ఆడబడుచు తోలుకొచ్చి కట్టిన గేదె కొమ్ము చేతికి తగిలింది.

"అత్తా, దొరికిందే!" అని సంబరంగా అరిచింది. "కాస్త ముదిరిపోయినట్టుంది. గింజకుంచేద్దామా?"