గుట్ట అవతలి సీసం

సీసం తగ్గిపోతోంది. భూపతికి కంటిమీద కునుకు లేకపోవడానికి అదే కారణం.

ఉస్తాద్ దస్తగీర్ సాబ్ దగ్గర తుపాకి నేర్చుకునేవాళ్ళకు ఒక పద్ధతి ఉండేది. కాల్చడం ఎంత ముఖ్యమో, కాల్చిన గుండును వెతికి తేవడమూ అంతే ముఖ్యం. రాళ్ళగుట్ట కింద, సర్కారు బీడులో, ఆయన మనిషెత్తు మట్టికట్ట ఒకటి పోయించాడు. గురిపలకను దాని ముందే నిలబెట్టాలి. గుండు పలకను చీల్చుకుని వెనక మట్టిలో దిగబడుతుంది. పొద్దువాలాక శిష్యుడు కట్టను తవ్వి, గుండ్లు ఏరి, ఇనుప గరిటెలో కరిగించి, మళ్ళీ అచ్చులో పోసుకోవాలి. ఉస్తాద్ ఆ గుండ్ల సంచిని అరచేతిలో ఒకసారి ఎత్తి చూసేవాడు. బరువు సరిపోతే ఏమీ అనడు. తగ్గితే ఒకటే మాట.

"మిగిలింది ఏది బిడ్డా?"

కొన్నాళ్ళుగా రోజూ అదే మాట. భూపతి మామూలు మనిషి కాదు, పటేలుగారి తమ్ముడు. తనను దొంగ అన్నట్టుగా వినిపించి అతనికి ఒళ్ళు మండిపోయేది. తను దొంగ కాదు. కాబట్టి దొంగ ఇంకెవరో ఉండి తీరాలి.

అయితే అతను ఉస్తాద్‌కు చెప్పని సంగతి ఒకటుంది. ముసలాయన సాయంత్రం నమాజుకు అటు వెళ్ళగానే, ఇటు భూపతికి మట్టికట్ట చప్పగా తోచేది. మట్టిలో గుండు దిగితే ఏం ముచ్చట? అందుకని గుట్ట నెత్తిన, బండమీద, పాత కుండలు వరసగా పెట్టి కొట్టేవాడు. ఆకాశానికి ఎదురుగా కుండ పగిలి చెల్లాచెదురైతే, చూడవచ్చిన స్నేహితులు శభాష్ అని ఈలలు వేసేవారు. గుండు సంగతంటారా, అది ఆ బండల మధ్యే ఎక్కడో పడి ఉంటుందని అతని లెక్క. తీరా వెళ్ళి వెతికితే ఒక్కటీ కనిపించేది కాదు. ఎవరో ఏరుకుపోతున్నారన్నమాట.

గుట్ట అవతలి వాలులో, ఎక్కడినుంచో గొర్రెల మందతో వచ్చిన కురుమలు దిగి ఉన్నారు. వాళ్ళలో కొమురవ్వ అనే ఆడమనిషి ఒకనాడు వంగి వంగి నేలను వెతుకుతూ, ఏదో ఏరి కొంగున ముడేసుకోవడం భూపతి బండచాటు నుంచి చూశాడు. ఇంకేం కావాలి?

ఆ రోజునుంచీ ఆమె ఏం చేసినా అతనికి దొంగపనిలాగే కనిపించింది. గుట్టవైపు చూస్తే, కాపలా ఉందేమోనని చూస్తోంది. చూడకపోతే, ఏమీ ఎరగనట్టు నటిస్తోంది. రాళ్ళు మోసుకొచ్చి అడ్డంగా గోడ పేరుస్తుంటే, దొంగసొత్తు దాయడానికే. బెస్తవాళ్ళు వలలకు కట్టడానికి సీసం కొంటారని ఎవరో అనగా విన్నాడు. దాంతో ఆ ముడి ఎవరికి చేరుతోందో కూడా తేలిపోయింది.

సంగతి అన్న చెవిన వేశాడు. పటేలు పెద్దగా ఆలోచించలేదు. "రేపు పొద్దుగాల మనుషులను పంపి మందను లేపిస్త" అన్నాడు. నడి ఎండాకాలం. ఆ చుట్టుపక్కల నీళ్ళూ మేతా ఒక్కచోట ఉన్నది ఆ వాలులోనే. లేపిస్తే జీవాలు దారిలోనే రాలిపోతాయి. సర్కారు బీడంటే అందరిదీ. ఆ అన్నదమ్ముల లెక్కలో మాత్రం అందరిదీ అంటే తమదే.

ఆ మధ్యాహ్నమే భూపతి ఉస్తాద్ దగ్గరికి వచ్చాడు.

"దొంగ దొరికింది ఉస్తాద్. అవతలి కురుమామె. రేపటితోని పీడ పోతది."

దస్తగీర్ సాబ్ లేచి, వెంట రమ్మని సైగ చేశాడు. చేతికర్ర తీసుకుని గుట్ట ఎక్కాడు. నెత్తిన బండ దగ్గర వంగి ఒక కుండపెంకు ఏరుకుని, బొటనవేలితో దాని అంచు తడిమి, మళ్ళీ అక్కడే పడేశాడు. దాన్ని గురించి ఒక్క ముక్క అడగలేదు. అడగకపోవడమే భూపతికి గుబులు పుట్టించింది. ఈ ముసలాయనకు ఎంత తెలుసు? ఎప్పటినుంచి తెలుసు? ఎవరు చెప్పి ఉంటారు? ఈలలు వేసిన స్నేహితులను ఒక్కొక్కరినే తలచుకుని పళ్ళు నూరాడు.

"నువ్వు అవతలికి పోయి కూసో బిడ్డా" అన్నాడు ఉస్తాద్. "నేను ఈడ కుండలు పెట్టి కొడుత. గుండు ఏడ పడుతదో, ఎవరు ఏరుతరో నీ కండ్లతోనే చూడు."

"మీరు కొడుతరా?"

"నువ్వు కొట్టినట్టే కొడుత."

ఆయన అప్పటికే కుండలు వరసగా నిలబెట్టి, కిందికి దిగి తుపాకి గొట్టంలో మందు పోస్తున్నాడు. భూపతి సంతోషంగా అవతలికి దిగాడు. దొంగను చేతిలో సీసంతో సహా పట్టుకోబోతున్నాడు మరి.

వాలు దిగి గోడ దగ్గరికి చేరేసరికి మంద అంతా దాని చాటున ఒక్కచోట కుక్కుకుని ఉంది. కొమురవ్వ గోడకు వీపు ఆనించి కూర్చుంది. అతన్ని చూడగానే మర్యాదా మన్ననా మరిచిపోయి, భుజం మీది రుమాలు పట్టుకుని కిందికి లాగింది.

"కూసో దొరా, కూసో. కుండలు పెట్టిన్రు."

భూపతి తల తిప్పి చూశాడు. గుట్ట నెత్తిన, ఆకాశానికి ఎదురుగా, కుండలు నల్లగా వరసగా కనిపిస్తున్నాయి. ఇటువైపు నుంచి వాటిని అతను చూడడం అదే మొదలు.

"ఎవరు పెట్టిన్రు?" అన్నాడు.

"పటేలు తమ్ముడంట. మొకమైతే నేను చూడలే. కుండలు కనవడ్డయంటే ఇగ మందను మలుపుకొచ్చి ఈడ కూసుంటం. ఈ గోడ అందుకే పెట్టుకున్న." ఆమె ఒక గొర్రెపిల్లను గోడ దగ్గరికి లాక్కుంది. "మమ్ముల ఎల్లగొట్టెతందుకే కొడుతున్నడని మా ఇంటాయన అంటడు. నాకైతే, ఇటు మనుషులున్న సంగతే ఆయనకు తెల్వదనిపిస్తది. తెలిస్తే ఎవడన్న కొడుతడా?"

భూపతికి తెలుసు. కొంగుముడి చూసిన నాటినుంచీ తెలుసు. తెలిసీ ఆ మర్నాడు మళ్ళీ కుండలు పెట్టాడు. అతను ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

ఆమె కళ్ళు చిన్నవి చేసి అతని తెల్లటి ధోవతినీ, మందు మసి అంటిన వేళ్ళనూ చూసింది.

"నువ్వు ఆయన మనిషివి కాదు గద?"

అతను ఆమె కొంగువైపు చూశాడు. "ఆ ముడిల ఏమున్నది?" అని మాత్రం అడిగాడు.

ఆమె సందేహిస్తూనే ముడి విప్పింది. వంకర పోయిన సీసం ముక్కలు. అందులో ఒకదానికి ఎండిన రక్తంతో ఉన్ని అంటుకుని ఉంది.

"ఇది మా పొట్టేలు పక్కల దిగింది. తెల్లారేదాక కొట్టుకుని పాయె. పటేలుకు చూపెడుదామని అన్నీ ఏరి పెట్టిన. తమ్ముని మీద చెప్తే ఇంటడా, ఉల్టా మా మీదికే వస్తడా అని జంకుతున్నం."

"నాకియ్యి. నేను చూపెడుత."

కొమురవ్వ అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. నమ్మాలో వద్దో తేల్చుకోలేకపోయింది. చివరికి ఉన్ని అంటిన గుండు ఒక్కటి తీసి అతని చేతిలో పెట్టి, మిగతావి మళ్ళీ గట్టిగా ముడేసుకుంది.

అప్పటినుంచి ఇద్దరూ చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చున్నారు. చప్పుడు రాలేదు. గొర్రె తుమ్మినా భూపతి ఉలిక్కిపడ్డాడు. రాయి దొర్లినా తల గోడ కిందికి పోయింది. ఉస్తాద్ గురి తప్పడని తెలుసు. అయినా కుండకు తగిలిన గుండు కుండతోనే ఆగదనడానికి సాక్ష్యం ఇప్పుడు అరచేతిలోనే ఉంది. లేచి వెళ్దామంటే, సరిగ్గా అప్పుడే గుండు వస్తుందేమో. ఇంకా ఎందుకు కాల్చడం లేదు? తను లేచేదాకా చూస్తున్నాడా? గురువును కూడా అనుమానించే దశకు వచ్చాడు పాపం.

చివరికి గోడచాటునే పాకి, ముళ్ళపొదల్లోంచి గుట్టను చుట్టి, మోచేతులు చీరుకుపోయి ఇవతల తేలాడు. దస్తగీర్ సాబ్ మట్టికట్ట నీడలో కూర్చుని జపమాల తిప్పుకుంటున్నాడు. తుపాకి పక్కన ఆనించి ఉంది. ఒక్క కుండా పగల్లేదు.

భూపతి వచ్చి ఆయన ముందు అరచెయ్యి చాపాడు. ఉస్తాద్ ఆ గుండును తీసుకుని, అంటిన ఉన్నిని చూసి, కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తర్వాత అలవాటు ప్రకారమే అడిగాడు.

"మిగిలింది ఏది బిడ్డా?"

"ఆమె దగ్గర ఉంది ఉస్తాద్. నన్ను నమ్మి ఇయ్యలే." అతను బండ ఎక్కి కుండలన్నిటినీ దించాడు. "అన్న దగ్గరికి పోయొస్త. దొంగ నేనే అని చెప్పాలె. మందను రేపు లేపొద్దు."

ఉస్తాద్ తల ఊపి గుండును తిరిగి అతని చేతిలో పెట్టాడు. భూపతి నాలుగడుగులు వేసి, ఉండబట్టలేక వెనక్కి తిరిగాడు.

"ఉస్తాద్, అంతసేపు కూసున్నరు. ఎందుకు కాల్చలే?"

ముసలాయన జపమాల ఆపి అతనివైపు చూశాడు.

"అవతల నువ్వున్నవు గద."