పసుపు చిడత

నృసింహదాసుగారిని ఏదైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పరు. అటూ ఇటూ చూసి, చేతికందే వస్తువు కోసం వెతుకుతారు. భక్తికీ భయానికీ తేడా ఏమిటని అడిగిన ఒక పంతులుగారి చేతిలో నిండు చెంబు పెట్టి డాబా మెట్లెక్కించిన మనిషి ఆయన. పంతులుగారికి తేడా తెలిసిందో లేదో గాని, పంచె మాత్రం తడిసింది. ఇరవై రెండేళ్ళు ఆయన హరికథలకు మృదంగం వాయించినవాణ్ణి కనక, ఆయన చూపు వస్తువుల మీదికి పోవడం మొదలుపెడితే చేతిలో పని ఆపి చూడటం నాకు అలవాటైపోయింది.

ఆ ఏడు మాఘమాసంలో దాసుగారి గొంతు పోయింది. మూడు నెలలు పాట వద్దని, మాట కూడా కొలత మీద మాట్లాడమని డాక్టరు చెప్పాడు. నాగావళి అవతల ఒక ఊళ్ళో అమ్మవారి జాతరకు తొమ్మిది రోజుల కథ ఏటా ఆయనదే. రాత్రిళ్ళు నాటకాలుంటాయి కనక అక్కడ హరికథ మధ్యాహ్నం మూడింటికే మొదలవుతుంది. ఈసారి తన బదులు శిష్యుడు పైడయ్య వస్తాడని దాసుగారు కబురంపారు. కమిటీ పెద్ద దగ్గర్నుంచి తిరుగు కబురు వచ్చింది: మొదటి రోజు చూస్తాం, జనం లేచిపోతే మిగతా ఎనిమిది రోజులూ ఆర్కెస్ట్రా పెట్టుకుంటాం.

పైడయ్యకు ముప్ఫై ఆరేళ్ళు. చేనేత సంఘంలో గుమాస్తా పని వదిలేసి, ఇంట్లో చీవాట్లు తింటూ, ఆరేళ్ళుగా దాసుగారి దగ్గర కథ నేర్చుకుంటున్నాడు. ఆ కబురు విన్న దగ్గర్నుంచి అతనికి అన్నం సయించలేదు. మొదటి రోజు జనం కూర్చుంటే తను దాసుడు, లేచిపోతే మళ్ళీ గుమాస్తా. ఈ మాట నాతో రోజుకి నాలుగుసార్లు చెప్పేవాడు.

ఆ భయంలో అతను చేసిన పనేమిటంటే, తన గొంతు పక్కన పెట్టేసి గురువుగారి గొంతు పట్టుకున్నాడు. చక్కగా మూడు స్థాయిలూ పలికే గొంతులోకి డెబ్బై రెండేళ్ళ జీర తెచ్చుకున్నాడు. మోకాలి నొప్పివల్ల దాసుగారు కుడికాలు కాస్త ఈడుస్తారు. ఏ నొప్పీ లేని పైడయ్య కూడా ఈడ్చాడు. చివరికి పద్యం ఎత్తుకునే ముందు ఆయన దగ్గే దగ్గు కూడా నేర్చుకున్నాడు. ఒకరోజు సాధనలో ఆ దగ్గు విని నాకు నవ్వాగక తాళం తప్పింది. దాసుగారు మాత్రం నవ్వలేదు.

"ఆ దగ్గెందుకు నాయనా?" అన్నారు సన్నగా.

"మీరు దగ్గుతారు కదండీ."

"పద్యం గుర్తురాక దగ్గుతాను. నీకు గుర్తుంది కదా."

పైడయ్య తలూపాడు. మర్నాడు మళ్ళీ దగ్గాడు.

ఇక చిడతల సంగతి. ఒక చేతిలో పట్టి తాళం వేసే ఆ రెండు కర్రముక్కలు దాసుగారికి వాళ్ళ గురువుగారిచ్చినవి. యాభై ఏళ్ళనాటి పనసకర్ర, ముదురు బెల్లం రంగు. ఆ మధ్యే రాతిమెట్టు మీద పడి ఒకటి నిలువునా చీలింది. వడ్రంగి అప్పలాచారి మళ్ళీ పనసతోనే మిగిలినదానికి కొత్త జత చేసి, పాత ఇత్తడి బిళ్ళలు దానికి బిగించి ఇచ్చాడు. నా మృదంగం కట్టె కూడా పనసే కనక ఈ కర్ర గురించి నాకు కొంచెం తెలుసు. గట్టిదే గాని ఉలికి ఎదురు తిరగదు. ఒకసారి నిదానంగా ఆరితే ఇక వంకర పోదు. చెదపురుగు సాధారణంగా దాని జోలికి రాదు. కొడితే పలుకుతుంది. కాకపోతే కొత్తగా కోసినప్పుడు పసుపుకొమ్ము విరిచినట్టుంటుంది. దాంతో ఆ జతలో ఒకటి పెళ్ళికొడుకు, ఇంకోటి వాడి తాతగారు.

జాతర ఇంకా మూడు రోజులుందనగా దాసుగారు ఆ చిడతలు పైడయ్యకిచ్చారు. ఆ రంగుల తేడా చూసి జనం నవ్వుతారని అతనికి బెంగపట్టుకుంది. టీ డికాక్షన్ మరిగించి కొత్తదానికి పట్టించాడు. చాల్లేదని ఆముదంలో దీపం మసి కలిపి రుద్దాడు. మర్నాడు పొద్దున్నే రెండూ పట్టుకొచ్చి గురువుగారి ముందు పెట్టి, చాలా సంతోషంగా అడిగాడు.

"ఇప్పుడు ఏది పాతదో ఏది కొత్తదో తెలియట్లేదు చూడండి. నా గొంతు కూడా ఇలాగే మీ గొంతులో కలిసిపోవాలంటే ఏం చెయ్యాలి గురువుగారూ?"

దాసుగారు రెండూ చేతిలోకి తీసుకుని ఒకసారి మోగించారు. ముందురోజు టంగున పలికిన జత నూనె తాగి మొద్దుగా అంది. ఆయన అటూ ఇటూ చూశారు. నేను మృదంగం పక్కన పెట్టాను. పక్కవాళ్ళ వసారాలో అప్పలాచారి కిటికీ రెక్క చిత్రిక పడుతున్నాడు. దాసుగారు చప్పట్లు కొట్టి అతన్ని చిత్రికతో సహా పిలిచారు.

గీకించేది కొత్తదాన్నే అనుకున్నాం ఇద్దరం. ఆయన పాతదాన్ని అందించారు.

అప్పలాచారి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "ఇది మీ గురువుగారి చేతిది బాబూ. దీని మీద చిత్రిక ఎలాగెట్టమంటారు?"

"ఒక్క పొర."

పైడయ్య మొహంలో నెత్తురు లేదు. తను చేసిన తప్పుకు ఆ వస్తువును శిక్షిస్తున్నారని అనుకున్నాడు పాపం. అప్పలాచారి దణ్ణం పెట్టుకుని, కళ్ళు సగం మూసి, ఒక్క లాగు లాగాడు. ముదురు పొర ఒకటి చుట్టచుట్టుకుని కింద పడింది. దాని కింద వేలెడు మేర, నిన్న కోసినంత పసుపు.

"పనసంటే ఇంతే బాబూ," అన్నాడు అప్పలాచారి, తన తప్పేం లేదన్నట్టు. "లోపలెప్పుడూ ఇదే. ఎండా గాలీ తగిల్తే పైనుంచి అదే ఎర్రబడతాది." తర్వాత రెండోదాన్ని వాసన చూసి మొహం చిట్లించాడు. "దీనికి మసెవరు పూసినారు? మసి కిందకి ఎండేటి దూరతాది? పదేళ్ళయినా ఇది ఇలాగే ఉండిపోద్ది."

పైడయ్యే కొత్త చిడతను అప్పలాచారి చేతిలో పెట్టి, "శుభ్రంగా గీకెయ్యండి" అన్నాడు.

జాతర మొదటి రోజు పైడయ్య రెండు రంగుల చిడతలు పట్టుకుని పందిట్లో నిలబడ్డాడు. కాళ్ళు రెండూ సమంగానే నడిచాయి. వచ్చింది పాతిక మంది. దగ్గకుండా, తన గొంతుతో మొదటి పద్యం ఎత్తుకోబోయాడు. ముందు వరసలో కూర్చున్న ముసలామె ఒకావిడ అడ్డుపడింది.

"దాసుగారి శిష్యుడివి గదా నాయనా, దగ్గవేటి?"

కమిటీ పెద్ద కుర్చీలో ముందుకు వంగాడు.

"పద్యం గుర్తుందమ్మా," అన్నాడు పైడయ్య.

ఆ ముసలామే ముందు నవ్వింది. ఆవిణ్ణి చూసి పందిరి నవ్వింది. ఆ నవ్వు మీదుగా పైడయ్య పద్యం ఎత్తుకున్నాడు. నవ్వు విని బజార్లో పోయేవాళ్ళు ఆగారు, పద్యం విని కూర్చున్నారు. మర్నాడు కమిటీ పెద్ద ఆర్కెస్ట్రా మాట ఎత్తలేదు. ఇంకో నాలుగు చాపలు పరిపించాడు.

తొమ్మిది రోజులూ అయ్యాక తిరిగొచ్చాం. పైడయ్య గురువుగారికి దణ్ణం పెట్టి, చిడతలు ఆయన ఒళ్ళో ఉంచాడు. అన్ని మధ్యాహ్నాల ఎండకీ, చేతి చెమటకీ కొత్తదాని అంచులు కొద్దిగా తేనెరంగుకు తిరిగాయి.

"ఇది పూర్తిగా మీదానిలా అవడానికి ఎన్నాళ్ళు పడుతుంది గురువుగారూ?" అని అడిగాడు.

ఈసారి దాసుగారు ఏ వస్తువూ వెతకలేదు. తన పాత చిడతను తిప్పి, చిత్రిక పట్టిన చోట బొటనవేలితో రాశారు. అక్కడింకా పసుపు పోలేదు.

"ఇద్దరం ఒకరోజే మొదలుపెట్టాం," అన్నారు. "ఎవరిది ముందు ఎర్రబడుతుందో చూద్దాం."