ఉమ్మడి గోడలో అల్మరా

పాలమెట్ట కాలనీలో పోలారావు అని మంచి పనిమంతుడు ఉండేవాడు కానీ, తన గోడకు అవతల కూడా మనుషులు బతుకుతున్నారన్న సంగతి అతనికి ఎన్నడూ పట్టేది కాదు.

ఆ కాలనీ ఇళ్లు రైలుపెట్టెల్లా వరసగా ఉండేవి. ఒక్కో ఇంటికి ఒక గది, ఒక వంటిల్లు, వెనక మంచమంత పెరడు. ఈ ఇంటికీ ఆ ఇంటికీ మధ్య గోడ ఒకటే. కట్టించినవాళ్లు ఆ మేరకు ఇటుక మిగుల్చుకున్నారు. అటకల దగ్గరా అదే పిసినారితనం. గోడ మీదుగా ఒకే పలక పోసి, సగం ఇటు, సగం అటు చాచి వదిలేశారు. కాలనీవాళ్లు వాటిని కావడి అటకలు అనేవారు. ఇటు బరువూ అటు బరువూ సరితూగుతుంటే, మధ్యలో గోడ భుజంలా మోసేది. లేనివాళ్ల ఇల్లు కదా, ఎలా కడితే ఎవడడుగుతాడు?

ఆ ఇరుకులోనే పోలారావు తన నేర్పు చూపించాడు. పగలు గోడకు మడిచి రాత్రికి దించుకునే పలకమంచం చేశాడు. తలుపు వెనక చెప్పుల అర బిగించాడు. కిటికీ కింద బల్ల చేసి, దాని కడుపులో బియ్యం డబ్బా ఇమిడేలా చూశాడు. వచ్చినవాళ్లు, "అగ్గిపెట్టెలో చీర మడిచినట్టు సర్దావురా" అని మెచ్చుకునేవారు. ఆ మెప్పు అతని తలకెక్కింది.

గోడకు అవతల బంగారమ్మ ఉండేది. ఆమె భర్త అప్పలస్వామి లారీ మీంచి సరుకు దించుతూ పడి, నడుం విరిగి మంచం పట్టాడు. బంగారమ్మ జాకెట్లు కుట్టి ఇల్లు నడిపేది. గుమ్మం దగ్గర వెలుతురు కాబట్టి మిషను అక్కడ. వంటింట్లోకి దారి కావాలి కాబట్టి మధ్యలో ఖాళీ. ఇక మంచం పట్టే చోటు ఒక్కటే, ఉమ్మడి గోడ పక్కన, అటక కింద. దాన్ని ఎటు జరిపినా దారైనా మూసుకుపోవాలి, కూడు పెట్టే మిషనైనా ఆగిపోవాలి.

ఒకనాడు పోలారావు పెద్ద టీవీ కొన్నాడు. తెచ్చాక చూస్తే పెట్టడానికి చోటు లేదు. ఉమ్మడి గోడకేసి చూశాడు. గోడ లోపల ఉన్న చోటంతా వృథాగా పోతోందనిపించింది. సుత్తీ ఉలీ తీసి, నేల నుంచి అటక దాకా, అటక పైన మరికొంత, అల్మరా తొలవడం మొదలుపెట్టాడు.

అవతల అప్పలస్వామి గంజి తాగుతున్నాడు. గంజిలో ఇటుకపొడి రాలింది. తర్వాత ముఖం మీద రాలింది. బంగారమ్మ చేతిలో బట్ట పక్కన పడేసి పోలారావు ఇంటికి వెళ్లింది.

"ఏం చేస్తున్నావు తమ్ముడూ?"

"అల్మరా, అక్కా. అయ్యాక చూద్దువుగాని, నీకూ ఇలాగే కావాలంటావు."

"ఆ గోడ మనిద్దరిదీ."

"కాదన్నానా? అందుకే సగం లోతే తవ్వుతున్నాను. నీ సగం నీకు వదిలేశాను. టేపు ఇస్తాను, కొలుచుకో."

"గోడకు సగమేమిటి? మనిషిని నిలువునా కోసి నీ సగం నీది, నా సగం నాది అంటే వాడు బతుకుతాడా?"

"జాకెట్టు కత్తిరించినంత తేలికగా మాట్లాడుతున్నావు. ఇది నా ఇల్లు."

"మా ఆయన ముఖమంతా దుమ్ము."

"దుప్పటి కప్పు," అన్నాడు పోలారావు, ఉలి మీద మళ్లీ సుత్తి వేస్తూ.

బంగారమ్మకు ఒళ్లు మండిపోయింది. నేరుగా కాలనీ పెద్ద గవర్రాజు ఇంటికి వెళ్లింది. గవర్రాజు సుద్దముక్కతో తన ఉమ్మడి గోడ మీద పెద్ద గడి గీసుకుంటున్నాడు.

"రా బంగారమ్మా. పోలారావు అల్మరా చూశావా? బుర్రంటే వాడిదే."

"బాబాయ్, ఆ గోడ అటకను మోస్తోంది. అటక కింద కదల్లేని మనిషి ఉన్నాడు. నువ్వొచ్చి వద్దని ఒక్క మాట చెప్పు."

గవర్రాజు సుద్దముక్కను వేళ్ల మధ్య దొర్లించాడు. "ఇరుకిళ్లలో ఉన్నాక సర్దుకుపోవాలమ్మా."

"సర్దుకుపోవడం ఎప్పుడూ మంచం మీదున్నవాడి వంతేనా?"

అతను మళ్లీ తన గడి వైపు తిరిగాడు. ఆమె వరసంతా తిరిగింది. ఎవరిని కదిపినా అదే మాట. ప్రతివాడూ తన గోడకేసి అదే చూపు చూస్తున్నాడు. అడ్డు చెప్పాల్సిన నోళ్లన్నీ అల్మరా ఆశతో మూతపడ్డాయి. ఒక్కడు తవ్వితే తప్పు, అందరూ తవ్వితే తెలివి. ఎంత సిగ్గుమాలిన లెక్క అది.

టీవీ అల్మరాలోకి ఎక్కింది. కొన్నాళ్లకు బంగారమ్మ వైపు అటక మొదట్లో వెంట్రుకంత పగులు కనిపించింది. చూస్తుండగానే అది వేలు పట్టేంత అయింది. ఆమె ఇక ఎవరినీ అడగలేదు. మంచాన్ని గుమ్మంలోకి ఈడ్చింది. మిషనును పెరట్లో ఎండలో పెట్టింది. బట్టలిచ్చేవాళ్లు మంచం దాటి రాలేక వెనక్కి మళ్లారు.

"నన్ను ద్వారపాలకుణ్ణి చేశావే," అన్నాడు అప్పలస్వామి. "ఇక నీ యమధర్మరాజైనా నన్ను అడిగే లోపలికి రావాలి."

బంగారమ్మకు నవ్వు రాలేదు. అటక మీది సామాను మొత్తం దించి, పోలారావు గుమ్మం ముందు నిలబడింది.

"నా వైపు బరువు దించేశాను. పగులు పెరుగుతోంది. నువ్వూ నీది దించు. కావడికి ఒక పక్క కుండ తీసేస్తే రెండో కుండ ఏమవుతుందో తెలుసుగా."

పోలారావు భార్య సుగుణ వంటింట్లోంచి వచ్చింది. "దించేద్దామండీ. ఎంతసేపు పని?"

"ఆవిడ ఏడుపుకి నువ్వు తాళం వెయ్యకు," అన్నాడు పోలారావు. బంగారమ్మకేసి చూసి, "నీ అటక ఖాళీ అయితే నాకేం? నా సామాను నా వైపు ఉంది," అన్నాడు.

మర్నాడు పొద్దున అతను బల్ల మీదికెక్కి మరో బస్తా అటక మీదికి తోశాడు. పలక ఒక్కసారి మూలిగింది. పైన పట్టి ఉంచడానికి గోడ లేదు, కింద ఆనుకోవడానికి గోడ లేదు, అటువైపు సరితూగే బరువూ లేదు. అటక మొత్తం అతని వైపే ఒరిగి కూలింది. టీవీ నుజ్జయింది. పోలారావు కుడికాలు పలక కింద చిక్కుకుంది. పలక రెండో కొస ఎగదన్నడంతో పై గోడ ఇటుకలు అవతలి గదిలోకి కుప్పగా దొర్లాయి. అప్పలస్వామి మంచం అంతకుముందు ఉన్న చోటు కనిపించకుండా కప్పేశాయి.

గోడలో పడిన కంతలోంచి బంగారమ్మ ఇవతలికి వచ్చింది. చేతిలో గడ్డపార. పలక అంచు కింద దూర్చి, సుగుణతో కలిసి పైకెత్తింది. పరుగెత్తుకొచ్చిన మగవాళ్లు కాలు బయటికి లాగారు.

"ప్రాణం పోతోందక్కా," అన్నాడు పోలారావు.

"అటు చూడు." ఆమె గడ్డపారతో కంత అవతలికి చూపించింది. "ఆ ఇటుకల కింద మా ఆయన ఉండాల్సింది. నీ కాలు లాగడానికి ఇంతమంది వచ్చారు. ఆయన మీద ఆ కుప్ప పడితే కదలడానికి కాళ్లున్నాయా? దుప్పటి కప్పమన్నావు. ఏ దుప్పటి ఆపుతుంది రా దాన్ని?"

గవర్రాజు ముందుకొచ్చాడు. "పోనీలే బంగారమ్మా, దెబ్బ తగిలినవాడు."

"ఇప్పుడొచ్చిందా బాబాయ్ నీకు మాట? నేను అడిగిన రోజు అందులో సగం మాట్లాడినా ఈ గోడ నిలిచేది. వీడు ఒక్క గోడ తవ్వాడు. నువ్వు తవ్వని గోడ లేదు."

గవర్రాజు తల దించుకున్నాడు. ఆ సాయంత్రమే వరసలో అల్మరాలు మొదలుపెట్టినవాళ్లు ఇటుకా సిమెంటూ తెచ్చి కంతలు పూడ్చుకున్నారు.

పోలారావు గోడ మళ్లీ లేచేదాకా రెండిళ్లకూ మధ్య ఒక పరదా పట్టానే మిగిలింది. అతను కట్టుతో కదల్లేక నేల మీద పడుకుంటే, పని జరుగుతున్నంతసేపూ సిమెంటు దుమ్ము అతని ముఖం మీదే రాలేది. ఒకరోజు పట్టా పక్కకు తీసి, "తప్పయిపోయిందక్కా," అన్నాడు.

"నీ తప్పు ఒప్పుకోలు కింద మా ఆయన్ని పడుకోబెట్టలేను," అంది బంగారమ్మ. "గోడ కట్టించు. గట్టిగా కట్టించు."

పిల్లలైనా పెద్దలైనా ఇది గుర్తుంచుకోండి: పదిమందిని మోసేదాన్ని నా వాటా అని తొలిచేవాడు ముందు పక్కవాడి ప్రాణానికీ, ఆ తర్వాత తన ప్రాణానికీ ఎసరు పెడతాడు; ఆ ఉలి చప్పుడు విని కూడా ఊరుకున్న ప్రతివాడూ ఆ పాపంలో సమాన భాగస్తుడే.