మగపంది అడిగిన వరం

ఒకప్పుడు ఆడపంది మాంసమూ మగపంది మాంసమూ ఒక్కలాగే ఉండేవి. ఉప్పూ పసుపూ రాసి ఎండబెడితే ఏడాదంతా కమ్మగా నిలవుండేవి. అదే ఆ పందుల ఖర్మ!

నాంచారి అనే ఆవిడ దొడ్లో కోరడనే మగపందీ, అతని పెళ్లాం బురదమ్మా ఉండేవాళ్లు. బురదమ్మకి ఈతకి ఎనిమిది పిల్లలు. కాస్త కండ పట్టగానే ఎనిమిదీ తునకలై దండెం ఎక్కేవి. కింద నించుని చూడ్డం తప్ప కన్నతల్లి ఏం చేస్తుంది?

"ఇంకెన్నాళ్లయ్యా కని కని ఆ దండేనికివ్వను?" అని ఏడ్చింది బురదమ్మ. "రోజంతా ఆ నేలతల్లిని మూతితో కుళ్లగిస్తావుగా, పోయి అడుగు! నోట పెట్టలేని కంపేదైనా మన ఒంట్లో పెట్టమను. నెత్తుట్లో పెట్టమను. తీసెయ్యడానికి వీల్లేని చోట పెట్టమను."

కోరడు వెళ్లి అడిగాడు. నేలతల్లి జాలిపడింది. "సరే నాయనా. ఎక్కడ పెట్టమంటావు?"

నెత్తురు అందరికీ ఉంటుంది, అందులో గొప్పేముంది అనుకున్నాడు కోరడు. మగాడాయె! "నా విత్తుల్లో పెట్టు తల్లీ! నా మగతనానికి లోకం ముక్కు మూసుకోవాలి."

"ఇంకోసారి ఆలోచించుకో."

"మగాడి మాట ఒక్కటే!"

ఆ మాటే నెగ్గింది. ఇంటికొచ్చి చెబితే బురదమ్మ నెత్తి కొట్టుకుంది. "నీ మగతనం మండా! నాకూ నా ఆడపిల్లలకీ ఎక్కడివి విత్తులు?"

"మగపిల్లలన్నా బతుకుతారు లేవే," అని నసిగాడు కోరడు.

నాంచారి ఓ మగపందిని కోసి ఎండబెట్టింది. దండెం మీద ఉన్నంతసేపూ ఏమీ తెలియలేదు. తునక నిప్పుల మీద పడిందో లేదో, అమ్మో, ఉచ్చకంపు గుప్పుమంది! ఇంటిల్లిపాదీ కంచాలొదిలి బయటికి పరుగో పరుగు. ఆ తర్వాత మూడు నెలలు మగపందుల జోలికి ఎవరూ పోలేదు. బురదమ్మ కూడా కాస్త నవ్వింది.

కానీ నాంచారి తక్కువదా? "ఆడదాని మాంసం బాగానే ఉంది. మగదానికే ఈ రోగం. మగదానికి ఎక్కువేముందబ్బా?" అనుకుంది. అది తేలడానికి ఎంతసేపు!

చురకత్తి నూరింది. పాలు తాగుతున్న మగపిల్లల్ని తల్లి పక్కనుంచి ఒక్కొక్కటే కాళ్లు పట్టి ఎత్తింది. విత్తులు తీసింది, గాయానికి బూడిద అద్దింది, వదిలేసింది. అవి పెరిగి బాగా కొవ్వెక్కాయి. ఈసారి తునకలు మునుపటికన్నా కమ్మగా ఉన్నాయి.

"మునుపు ఒక్కసారే కత్తి. ఇప్పుడు నా కొడుకులకి రెండుసార్లు తెచ్చిపెట్టావు కదయ్యా," అంది బురదమ్మ. మళ్లీ కోరడితో మాట్లాడలేదు.

అప్పటినుంచే మగపంది మాంసానికి ఆ కంపు. ఎండబెట్టడానికి ఆడపందినో, విత్తులు తీసినదాన్నో చూసేదీ అందుకే. మీరు ముద్దొచ్చి పందిపిల్లని ఎత్తుకున్నా సరే, ఊరు దద్దరిల్లేలా గీపెడుతుంది. ఏం చెయ్యములేవే అంటే అది నమ్మదు.