సముద్రం వైపు గోడ

ఈ మధ్య కళ్ళు మూస్తే చాలు, కిన్నెరకి ఆ గోడే కనిపిస్తోంది.

బీచ్ రోడ్డు చివర, కొండ మీద ఉన్న ఆర్ట్ మ్యూజియం గోడ. సున్నం లేదు, రంగు లేదు, ఉత్త కాంక్రీటు. పోత పోసినప్పటి సెంట్రింగ్ చెక్కల చారలు ఇప్పటికీ దాని మీద అచ్చుపడి ఉన్నాయి. సముద్రం వైపు మాత్రం పైనున్న తూము నుంచి నేల దాకా పొడుగాటి నల్ల మరక. ఏళ్ళ తరబడి వానా ఉప్పుగాలీ కలిసి పెట్టిన మరక.

దాన్ని చూపించే, భవనమంతా ప్లాస్టరింగ్ చేసి మీగడ రంగు కొట్టించేద్దామంటోంది మ్యూజియం కమిటీ. రేపు ఉదయమే నిర్ణయం. వద్దని వాదించడానికి కిన్నెరకి కాసేపు సమయమిచ్చారు. ఆమె వాదనంతా ఫోటోలే. ఒక్కసారి సిమెంటు పూత పడిందంటే ఆ చారలు ఇక ఎవరికీ కనిపించవు.

తీసిన ఫోటోలన్నీ సిల్వానుస్ మాస్టారి ముందు పరిచింది. కెమెరా పట్టుకోవడం నేర్పింది ఆయనే. మెట్లు, నీడలు, పైకప్పు సందులోంచి జారే వెలుగు. మాస్టారు నిదానంగా అన్నీ చూశారు.

"సముద్రం వైపు గోడేదమ్మాయ్?"

"ఇదిగో మాస్టారూ."

"మరి మరక?"

"కంప్యూటర్లో తీసేశాను." ఆమె గొంతు లేచింది. "అవతలి వాళ్ళ సాక్షిని నేనే పిలుచుకొచ్చి కుర్చీ వెయ్యాలా? వాళ్ళు ఆ ఒక్కదాన్నే పట్టుకుంటారు. చూశారా, గోడ ఏడుస్తోంది అంటారు. అక్కడితో మన పని అయిపోతుంది!"

మాస్టారు ఫోటోలన్నీ సర్ది పక్కన పెట్టారు. "సాయంత్రం ఎండ బాగుంటుంది. ఒకసారి వెళ్ళొద్దాం పద," అన్నారు.

మ్యూజియంలోకి కెమెరాతో వెళ్ళేవాళ్ళంతా ఫోటో ఉన్న పాస్ చూపించాలి. గేటు దగ్గర కొత్త వాచ్‌మన్ ఉన్నాడు. కిన్నెరని వెంటనే వదిలాడు. మాస్టారి దగ్గర ఆగాడు. కార్డు చూశాడు, మనిషిని చూశాడు, మళ్ళీ కార్డు చూశాడు.

"ఈయన మీరు కాదండీ."

"నేనే బాబూ."

"మీ తమ్ముడుగారేమో!"

మాస్టారి ఎడమ కంటి కింద నుంచి గడ్డం దాకా తెల్లమచ్చ ఉంటుంది. ఒకసారి చూసినవాళ్ళెవరూ మర్చిపోరు. కార్డులోని ముఖం మీద అది లేదు. నున్నగా, వయసు తగ్గి, ఎవరో పెళ్ళికొడుకులా ఉన్నాడు.

కిన్నెర చెవులు వేడెక్కాయి. ఆ ఫోటో తీసింది తనే. ప్రేమకొద్దీ మచ్చ చెరిపేసిందీ తనే. ఎలా ఉంది మాస్టారూ అని మురిసిపోతూ అడిగితే ఆయన నవ్వి, కార్డు జేబులో పెట్టుకున్నారు.

"ఏమండీ, ఈ ఊళ్ళో సగం పెళ్ళిళ్ళకి ఫోటోలు తీసిన మనిషాయన!" అని వాచ్‌మన్ మీదకి వెళ్ళింది.

"తీసుంటారమ్మా. నేనడిగేది, ఈ కార్డులో ఉన్నాయన ఎవరని."

కాలేజీ వాదనల్లో ఎవరికీ తగ్గని నోరు కిన్నెరది. ఎన్ని చెప్పినా గేటు కదల్లేదు. కొండ మీద ఎండ పసుపు నుంచి ఎరుపుకి తిరుగుతోంది. ఇంకాసేపట్లో మ్యూజియం మూసేస్తారు.

"వెలుగు పోతోంది మాస్టారూ, మీరైనా చెప్పండి!"

"ఏం చెప్పను? ఆయన సరిగ్గానే చూస్తున్నాడు." మాస్టారు గేటు పక్క అరుగు మీద కూర్చుని, చెప్పుల్లో ఇసుక దులుపుకుంటున్నారు.

కిన్నెర వాచ్‌మన్ వైపు తిరిగింది. ఈసారి గొంతు చిన్నదైంది. "ఆయనేనండీ. ఫోటోలో మచ్చ నేనే తీసేశాను."

"అయితే మచ్చున్న కార్డు తెండి."

మాస్టారు లేచారు. చొక్కా జేబులోంచి అంచులు చిరిగిన పాత పాస్ తీసి, కొత్తదాని పక్కన పెట్టి ఇచ్చారు. వాచ్‌మన్ ఒక్కసారి చూశాడు.

"రండి సార్."

కిన్నెర నివ్వెరపోయింది. "ఇది మీ జేబులోనే ఉందా? ఇంతసేపూ?"

"కొత్తదాంట్లో చెల్లే తారీఖు ఉంది. పాతదాంట్లో నేనున్నాను. రెండూ మోస్తున్నాను."

ఆమె ట్రైపాడ్ భుజానికెత్తుకుంది.

ఇద్దరూ సముద్రం వైపు నడిచారు. కిన్నెర ఎప్పుడూ నిలబడే మూల దాటి, మరకకి సరిగ్గా ఎదురుగా ట్రైపాడ్ పెట్టింది. కెమెరాలోంచి చూసింది.

మిగతా గోడంతా సాయంత్రపు వెలుగులో చదునుగా ఉంది. మరక దిగిన చోట మాత్రం చెక్కల చారలు ఒక్కొక్కటీ విడివిడిగా లేచి కనిపిస్తున్నాయి. ఎవరో అరకొరగా కొట్టి వదిలేసిన మేకు తల అచ్చు కూడా. ఇన్నాళ్ళూ ఆమె దాన్ని చూడలేదు.

బటన్ నొక్కింది.

"రేపు ఇది చూసి, రంగు వేసేద్దామనే అంటే మాస్టారూ?"

"అనొచ్చు."

గేటు దగ్గర వాచ్‌మన్ మూసే వేళైందని ఈల వేశాడు.

"ఏమన్నా, ఉన్న ఈ గోడ గురించే అంటారు కదా," అన్నారు మాస్టారు.

కిన్నెర ట్రైపాడ్ ఎత్తి, గోడకి ఇంకాస్త దగ్గరగా పెట్టింది.