సంబరపు పోచ

ఆషాఢ శుద్ధ దశమి, గురువారం. పొద్దుటి నుంచి సన్నటి తుంపర, పడమట నల్లటి మబ్బు. తుమ్మలకోన అడవిలో వాగు ఒడ్డున ఉన్న ఈతచెట్టు మీద గిజిగాళ్లు గూళ్లు అల్లుకుంటున్నాయి. వాటికి ముక్కు ఒక్కటే పనిముట్టు. రెండు చేతులున్న మనం కట్టిన మూటలే దారిలో విడిపోతాయి. వాటి ముడి మాత్రం జారదు. సరే, అదలా ఉంచండి.

ఆ చెట్టు మీద ఒక ఆచారం ఉంది. ఎవరి గూడు ఆడపిట్టకు నచ్చి కాపురం కుదిరినా, ఇరుగుపొరుగువాళ్లు తలా ఒక గడ్డిపోచ తెచ్చి గూడు మట్టకు వేలాడే మొదట్లో, పట్టు బిగిసేలా ముడివేయాలి. దాన్ని సంబరపు పోచ అంటారు.

ఆ రోజే గోరంచు అనే గిజిగాడికి కాపురం కుదిరింది. పక్క గూటి పసిడిరెక్కకు కడుపు మండిపోయింది.

‘నా అల్లిక ముందు వీడిదెంత?’ అనుకున్నాడు. పైకి నవ్వుతూ పోచ తెచ్చి, ముడి వేయకుండా ఊరికే దూర్చి వచ్చాడు.

కొన్నాళ్లకు పసిడిరెక్కకూ కాపురం కుదిరింది. అందరికంటే ముందు గోరంచే వచ్చి వాలాడు.

“బావా, ఎంత బాగా అల్లావయ్యా! పొద్దుటి నుంచి అందరినీ పిలిచి నీ గూడే చూపిస్తున్నాను” అంటూ పోచ బిగించాడు. మిగతావాళ్లూ తలా ఒకటి కట్టారు.

వాళ్లు అటు వెళ్లగానే పసిడిరెక్క ఆ పోచలన్నీ కసాకసా కొరికి పారేశాడు.

“అయ్యో, అదేం పని! రేపు గుడ్లు పెట్టాల్సిన గూడు!” అంది పెళ్లాం.

“నీకు తెలీదులేవే. పక్కవాడు బాగుపడితే మనస్ఫూర్తిగా ముడేసేవాడు ఎవడుంటాడు? అన్నీ ఉత్తుత్తి ముడులే. నా అల్లిక చాలు.”

శ్రావణంలో ఒక మధ్యాహ్నం గాలివాన విరుచుకుపడింది. గోరంచు గూడు ఊగింది గానీ ఊడలేదు. పసిడిరెక్క గూడు మాత్రం మొదలంటా తెగి, గుడ్లతో సహా వాగులో పడింది. అందరూ చూస్తుండగానే నీళ్లు మింగేశాయి.

చెట్టంతా కొయ్యబారిపోయింది.

పెళ్లాం ఏడవలేదు. మొగుడి మొహంలోకి చూసి ఒక్కటే అడిగింది. “ఉత్తుత్తి ముడులైతే కొరకడం దేనికి? లాగితే రావాల్సిందిగా?”

ఆ సంగతి పసిడిరెక్కకు అప్పటిదాకా తట్టనేలేదు.

ఆ ఏడాది చివర జరిగిందంతా చూసిన, చెట్టుకు పెద్ద అయిన ముసలి గిజిగాడు పంపకాలు చెప్పి కన్నుమూశాడు. పాము పాకలేని వాగు మీది మట్ట గోరంచుకు వచ్చింది. ముసలివాడి గట్టి గూడు పసిడిరెక్క పెళ్లానికి దక్కింది. పసిడిరెక్కకు పుల్ల కూడా రాలేదు.

నీతి: పక్కవాడి మేలుకు మనసారా సంతోషించలేనివాడు, తన మేలుకు సంతోషించేవాళ్లను నమ్మలేక చెడతాడు.